వెయ్యి పైన అయిదు వేళ్ళు

నరసరావుపేటలో పత్తి మిల్లు గేటుకి ఎదురుగా ఇస్మాయిల్ టీ కొట్టు. ఆ కొట్టు ముందు బల్ల మీద నాగభూషణరావు పొద్దున తొమ్మిదింటికి కూచున్నాడు. పదకొండు కావస్తున్నా లేవలేదు, నోరు మూయలేదు. అయిదు టీలు లోపలికి పోయాయి, అయిదు వేల మాటలు బయటికొచ్చాయి. టీ డబ్బులిచ్చేది సుబ్బరత్నం. మాటలు వినాల్సిందీ ఆమే.

ఆమే, ఆమె మొగుడు యల్లమందా గురజాలలో మొదటి రైలెక్కి వచ్చింది ఈ మాటల కోసం కాదు. మిల్లు గోడౌనులో ఒక జమీందారు గారి పాత కారు అమ్మకానికుంది. విలాయతీ కారు, పైకప్పు మడిచేస్తే ఏనుగు అంబారీలాగా ఉంటుందట. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మూలన పెట్టారు. యుద్ధం ముగిసి ఏడాది దాటినా మళ్ళీ బయటికి తియ్యలేదు. పన్నెండు వందలకి ఇస్తామని గుమాస్తా కార్డు రాశాడు.

యల్లమంద పెళ్ళిబండి తోలేవాడు. గురజాల చుట్టుపక్కల పాతికేళ్ళుగా ఏ పెళ్ళికూతురు అత్తారింటికి పోయినా ఆయన బండిలోనే పోయింది. కిందటి మాఘమాసంలో కరణంగారింటి పెళ్ళికి గుంటూరు నించి అద్దెకారు వచ్చింది. పెళ్ళికూతురు కారెక్కింది. యల్లమంద బండిలో బిందెలూ, బొంతలూ ఎక్కాయి. ఆ తర్వాత వరసగా నాలుగు పెళ్ళిళ్ళవాళ్ళు, "యల్లమందా, సామానుకి రా" అన్నారు. ఆ మాట ఆయన మింగాడు గానీ సుబ్బరత్నం మింగలేకపోయింది. ఎడ్లనీ, బండినీ అమ్మించింది. వచ్చిన పధ్నాలుగు వందలూ ఇప్పుడు ఆమె నడుముకి కట్టిన గుడ్డసంచీలో ఉన్నాయి. ఆ సంచీ తప్ప ఆ ఇంట్లో ఇంకేం మిగల్లేదు. మాఘం లోపల కారు ఇంటి ముందు నిలబడకపోతే ఏడాదంతా పస్తులే.

కారు చూడటం ఇద్దరికీ రాదు. అందుకని యల్లమంద, పెళ్ళాం వద్దు వద్దంటున్నా, తమ వీధిలోనే ఉండే నాగభూషణరావుని వెంట తెచ్చాడు. ఆయన వరసకి బాబాయి. రెండేళ్ళు మెడ్రాసులో ఉండొచ్చాడు. అక్కణ్ణించి తెచ్చుకున్న నల్లకోటు ఎండాకాలం కూడా విప్పడు. మెడ్రాసులో కార్లకి ముందూ వెనకా తెలిసింది తన వల్లేనన్నట్టు మాట్లాడతాడు.

గుమాస్తా గోడౌను తాళంచెవి తేవటానికి జమీందారు గారి బసకి పోయాడు. ఇంకా రాలేదు.

"అసలు తక్కువ డబ్బులో పెద్దకారు ఎంచటమంటే ఏమనుకున్నావ్ రా యల్లమందా?" అన్నాడు నాగభూషణరావు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి. "కొత్తకారు ఎవడైనా కొంటాడు, డబ్బు పారేస్తే చాలు. పాతకారు కొనేవాడికి కళ్ళుండాలి. మెడ్రాసులో ఒక శెట్టిగారు, నా చెయ్యి పట్టుకుని, అయ్యా రావుగారూ, నా దగ్గరున్నది ఇంతే, నా పరువుకి తగ్గ కారు ఒకటి చూసిపెట్టండి అన్నాడు. ఆరు కార్లు నిలబెట్టారు. అందరూ దీపాలు చూస్తన్నారు, రంగు చూస్తన్నారు. నేనేం చూశానో తెలుసా? డ్రైవరు సీటు. ఆ సీటొక్కటే గుంటపడి ఉంటే నౌకరు తోలిన బండి, నౌకరు పరాయి సొమ్మని కుదేస్తాడు. పక్కసీటు కూడా అంతే అరిగిందనుకో, దొరే తోలుకుని పక్కన దొరసానిని కూచోబెట్టుకున్నాడని. ఆ బండిని బిడ్డలాగా చూసుకుని ఉంటాడు. నాలుగోది కొనమన్నా. శెట్టిగారు ఇవ్వాళ్టికీ దాంట్లోనే తిరుగుతున్నాడు."

సుబ్బరత్నం ఆశ్చర్యపోయింది. ఈ మాట కాస్త నమ్మేటట్టుగానే ఉంది. మొహం చేటంత చేసుకుని మొగుడు ఆమె వంక చూశాడు, చూశావా అన్నట్టు.

బల్ల రెండో చివర బాలశౌరి కూచుని ఉన్నాడు. బొగ్గు బస్సు డ్రైవరు. బస్సు వెనక తగిలించిన బొగ్గు పొయ్యి రాజుకునేదాకా అతనికి పని లేదు. చేతులకి మసి, చొక్కాకి మసి, మెడలో సిలువ ఒక్కటే తెల్లగా ఉంది. "సీటు చూడటం మంచిదే అయ్యగారూ," అన్నాడు. "ఇంజను నూనె కూడా చూడాలి గదా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నూనె చూడటమేందిరా, నేను నాలిక మీదేసుకుంటా! చిటికెన వేలు ముంచి ఇట్టా అద్దుకున్నానంటే, నలభై రెండు వేల మూడొందల పదకొండు మైళ్ళు తిరిగిందని చెప్పేస్తా. శెట్టిగారి కారుకి అట్టాగే చెప్పా. మీటరు చూస్తే మూడొందల పది ఉంది. అందరూ నవ్వారు. నేనన్నా, బండి కదిలించండి అని. మిల్లు... కాదు, కంపెనీ గేటు దాటేలోపల పదకొండు పడింది. ముందే చెప్పా నేను!"

"అరె వా!" అన్నాడు ఇస్మాయిల్ పొయ్యి ఊదుతూ. "మా టీ రుచి చూసి గేదె వయసు చెప్పండి రావుగారూ."

"చెప్తాగానీ నువ్వు బాధపడతావ్ సాయిబూ. ఇంకో టీ ఇటు పంపు."

ఆరో టీ. సుబ్బరత్నం పళ్ళు కొరుక్కుంది. కొంగు సర్దుకుని బాలశౌరి వైపు జరిగి, గొంతు తగ్గించి అడిగింది. "శౌరీ, నువ్వా లోపలి కారు చూశావా?"

"చూశానక్కా. కిందటి నెల గుమాస్తా గారు పిలిస్తే ఇంజను తిప్పిచూశా. ఇంజను గట్టిదే, ఏ రోగం లేదు. పొగ కూడా నల్లగా రాలా. టైర్లే లేవు."

"లేవంటే?"

"యుద్ధంలో పీకి అమ్మేసుకున్నారు. నాపరాళ్ళు పేర్చి వాటి మీద నిలబెట్టారు. మిలిటరీ జీపులవి పాత టైర్లు దొరుకుతాయి, సరిపడేవి నేను వెతికిపెడతా. నాలుగూ, ట్యూబులతో, నాలుగొందలు లేంది రావు."

సుబ్బరత్నం చెయ్యి నడుము దగ్గర సంచీ మీదికి పోయింది. పాతికేళ్ళు ఎడ్లతో బతికిన ఇంట్లో ఈ ఆలోచన ఎవరికొస్తుంది? ఎద్దుని కొంటే కాళ్ళు విడిగా కొనరు గదా. పధ్నాలుగు వందల్లో నాలుగొందలు టైర్లకి పోతే మిగిలేది వెయ్యి. కారు వెయ్యికి దిగాలి. ఒక్క రూపాయి ఎక్కువైనా అది నాపరాళ్ళ మీదే ఉంటుంది, పెళ్ళికూతుళ్ళు గుంటూరు కార్లలో పోతారు.

"బాబాయ్," అంది. "టైర్లు లేవంట."

"టైర్లదేముందమ్మాయ్!" అన్నాడు ఆయన, చెయ్యి గాల్లో ఊపి. "జాతి చూడాలి, జాతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? శెట్టిగారి సంగతి ఊరంతా పాకింది. ఊరేంది, కృష్ణ అవతలి నిజాం రాజ్యానికి పాకింది. ఒక నవాబు గారు మనుషుల్ని పంపాడు. రావుసాబ్, మాకో కారు ఎంచిపెట్టాలి, కానీ డబ్బు తక్కువుంది అని."

"నవాబుకి డబ్బు తక్కువా?" అన్నాడు యల్లమంద.

"ఒరేయ్, ఖజానా తాళాలు బేగం దగ్గరుంటే నవాబైనా ఒకటే, నువ్వైనా ఒకటే." ఇది అంటూ సుబ్బరత్నం నడుము వైపు ఒకసారి చూశాడు. ఇస్మాయిల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "నలభై కార్లు, నలభై! మైదానంలో వరసగా నిలబెట్టారు. నేను వాటి వంక చూళ్ళా. వీపు తిప్పి నిలబడ్డా. ఒక్కో కారు తలుపు తీసి వెయ్యండి అన్నా. టప్. ఇది కాదు. టప్. ఇదీ కాదు. ముప్ఫై ఏడో తలుపు... అసలు చప్పుడే రాలా. అదీ కారంటే! అచ్చం ఈ గోడౌనులో ఉందే, దీనికి తోడబుట్టిందే. అదే కంపెనీ, అదే రంగు. ఎంత మెత్తగా పోయేదంటే, వెనకనించి వస్తుందని జనానికి తెలియక, చివరికి ఎద్దు మెడలో గంట విప్పి ముందు కట్టాల్సొచ్చింది."

"బాబాయ్, నువ్వీ కారు చూసిందే లేదు గదా, ఇంకా తాళం తియ్యందే," అంది సుబ్బరత్నం.

"వాసన చాలమ్మా. వాసన వస్తుందిలే."

వస్తున్నది ఎదురుగా పత్తిగింజల వాసన. దాని మీద బాలశౌరి బస్సు బొగ్గు కంపు. సుబ్బరత్నం కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టింది. మొగుడేమో ఆరేళ్ళ పిల్లాడు హరికథ విన్నట్టు నోరు తెరుచుకుని వింటున్నాడు. ఎడ్ల సంతలో దూడ కన్ను చూసి దాని తాత జబ్బు చెప్పే మనిషి, ఒక్క కోటు చూసి ఇట్టా అయిపోయాడేమిటా అని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ కోటుకి మోచేతుల దగ్గర చిల్లులున్నాయి. అవి కూడా కనపడవా ఈయనకి?

సరిగ్గా అప్పుడే గుమాస్తా వచ్చాడు. బట్టతల మనిషి, భుజాన ఉత్తరీయం, చేతిలో జానెడు పొడుగు ఇనప తాళంచెవి. ఎదురుగా పోయి గోడౌను తలుపులు బార్లా తీశాడు. లోపల మసకలో ఎర్రటి కారు, ఇత్తడి దీపాల మీద దుమ్ము, కింద నాలుగు దొంతుల నాపరాళ్ళు. ఎంత కోపంగా ఉన్నా, సుబ్బరత్నం దాని వంక మెడ చాచి చూసింది. గురజాల వీధిలో ఆ కారు వస్తుంటే జనం ఎట్టా నిలబడిపోతారో కళ్ళకి కట్టింది.

"రండి, బేరం చూసుకుందాం," అని లేవబోయింది.

నాగభూషణరావు లేవలేదు. కొత్త మనిషి వచ్చాడు, కొత్త చెవులు వచ్చాయి. గుమాస్తా తిరిగొచ్చి బల్ల పక్కన నిలబడగానే ఆయన గొంతు రెండు మెట్లు పైకెక్కింది.

"ఆ నవాబు గారి కారు, ఇదిగో ఈ కారుకి తోడబుట్టిందే, నేనే తోలుకుపోయి అప్పగించా. గుంటూరులో రైలూ, నేనూ ఒకేసారి బయల్దేరాం. మాచర్లలో రైలు దిగినవాళ్ళని అడగండి. నేను అప్పటికి తలంటు పోసుకుని, భోంచేసి, ఒక కునుకు తీసి, స్టేషన్లో నిలబడి రైలుకి పచ్చజెండా ఊపా."

"పెట్రోలు కూపన్లు ఎట్టా అయ్యగారూ?" అన్నాడు బాలశౌరి. అతని బాధ అతనిది. సర్కారు కూపను లేందే పెట్రోలు పొయ్యరు, ఆ కూపన్లు లేకే గదా అతను రోజూ బొగ్గు మసి మింగుతున్నాడు.

"ఒక్క కూపను ఉండేది. దాన్ని ఖర్చుపెట్టలా. అద్దం ముందు అంటించా. ఇంజను దాన్ని చూసుకుంటా పోయేది."

"యా అల్లా!" అన్నాడు ఇస్మాయిల్.

"బాబాయ్, ఇంక చాలు, లే," అంది సుబ్బరత్నం. గుమాస్తా మొహం ఆమెకి నచ్చలేదు. ఇందాక వచ్చినప్పుడు ఆ మొహంలో, ఎట్టాగో వదిలించుకుంటే చాలన్న అలసట ఉంది. ఇప్పుడది పోతోంది. చెవులు నిక్కబొడుచుకుని వింటున్నాడు.

"ఆగమ్మాయ్, అసలు సంగతి ఇప్పుడే వస్తంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కృష్ణ ఒడ్డుకి పోయా. వరద. పడవ లేదు, పుట్టి లేదు. అవతల నవాబు గారు దుర్భిణీ పెట్టుకుని ఎదురుచూస్తన్నారు. ఏం చెయ్యను? నాలుగు బారలు వెనక్కి పోయా. ఒక్క దూకు! కింద నీళ్ళు, పైన మబ్బులు, మధ్యలో నేను. నడి ఏట్లోకొచ్చేసరికి తోచక చుట్ట వెలిగించుకున్నా. అవతల ఒడ్డున చౌకీవాళ్ళు సుంకం కట్టమన్నారు. నేనన్నా, ఒరేయ్, చక్రం మీ నేల మీద ఆనలేదే, పిట్టలకి కూడా సుంకం వేస్తారేందిరా అని!"

యల్లమంద తొడ చరిచాడు. "అదీ కారంటే!"

"నువ్వు మెచ్చుకోకు," అంది సుబ్బరత్నం పళ్ళ మధ్యనించి.

నాగభూషణరావు వినే స్థితిలో లేడు. "అంతకుముందు ఏటి ఒడ్డుకి పోయేటప్పుడు ఎత్తిపోతల మీదుగా పోయా. కింద లోయలోకి దిగి, జలపాతంలోంచి పైకెక్కించా. నిట్టనిలువుగా! అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ ఆడుతున్నాయి. పైగా రివర్సులో. ఎందుకంటావా? ముందు దీపాలు తడిస్తే ఇత్తడి నల్లబడుతుందని. ఆ జాతి కారు నాయనా ఇది! వాటిలో లోకం మొత్తం మీద రెండే ఉన్నాయి. ఒకటి నవాబు గారి దగ్గర, రెండోది మీ ఎదురుగా."

ఇస్మాయిల్ పొయ్యి సంగతే మర్చిపోయాడు. పాలు పొంగి పొయ్యిలో పడిన చప్పుడు వినిపించింది.

గుమాస్తా చేతులు జోడించాడు. "అయ్యా, తమ దయ. మేం పాత ఇనుము అనుకుంటున్నాం. దాని జాతి మాకు తెలీదు. ఎంత పని చెయ్యబోయాం!" అని బల్ల మీద కూచున్నాడు. "రా యల్లమందా. నువ్వూ ఎడ్లోడివే, మాదీ ఎడ్లిల్లే. సంత పద్ధతిలోనే చూసుకుందాం. తువ్వాలు తియ్యి."

పల్నాడు సంతల్లో ఎడ్ల ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ కలిపి, వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. తువ్వాలు కింద ఒక మాట అని పైన ఒక మాట అన్నవాణ్ణి మళ్ళీ ఏ సంతలోనూ బేరానికి పిలవరు. యల్లమంద భుజం మీది తువ్వాలు ఇద్దరి చేతుల మీదా పరిచాడు.

"వెయ్యి ఎట్టాగూ ఉంది," అన్నాడు గుమాస్తా. "పైన ఎన్ని వందలో వేళ్ళు చెబుతాయి."

యల్లమంద మొహంలో రక్తం దిగిపోవటం సుబ్బరత్నం చూసింది. ఆయన నోటితో చెప్పక్కర్లేకపోయింది. ఎడ్లోడి పెళ్ళానికి ఆ తువ్వాలు లేచిన ఎత్తు చాలు. అయిదు వేళ్ళూ. పదిహేను వందలు.

తమ దగ్గరున్నదే పధ్నాలుగు. టైర్లు లేకుండానే ఇంకో వంద కావాలి.

"చూశావా!" అన్నాడు నాగభూషణరావు, ధర తెలియక, యల్లమంద భుజం తట్టి. "నేనుండబట్టి..."

"లే," అంది సుబ్బరత్నం మొగుడితో. "నువ్వు లే అవతలికి."

ఆయన లేచిన చోట తను కూచుని తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. గుమాస్తా ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయాడు. ఆడమనిషి తువ్వాలు కింద చెయ్యి పెట్టటం ఏ సంతలోనూ ఎవరూ చూసి ఉండరు. ఇస్మాయిల్ గరిటె పట్టుకుని అట్టాగే నిలబడిపోయాడు.

"గాజులు కరవవు లెండి," అంది ఆమె. ఆయన వేళ్ళు అయిదూ గట్టిగా పట్టుకుంది. "మొన్న కార్డులో పన్నెండు రాశారు. ఇవ్వాళ ఇది ఎట్టా పెరిగింది?"

"మాకు తెలీక రాశాం తల్లీ. మీ బాబాయి గారే చెప్పారుగా, కృష్ణ దూకిన జాతి అని. అంతటి కారు ఆ ధరకిస్తే మా దొర నన్ను బతకనిస్తాడా?"

"అంటే పెంచింది మీరు కాదు, మా బాబాయి."

"అంతే అనుకోండి."

"అయితే దించేది కూడా ఆయనే." తల తిప్పింది. "బాబాయ్! మా ఆయన ఎడ్లమ్ముకున్న డబ్బు ఈ సంచీలో ఉంది. నువ్వు కోసిన ఒక్కో కోతకీ ఇక్కడ ఒక వంద లేచింది. ఇప్పుడు నిజం చెప్పు. కృష్ణ దూకిందా?"

నాగభూషణరావు కోటు గుండీ పెట్టుకున్నాడు. అది పెట్టుకుంటే బింకం వస్తుందేమోనని. "దూకినట్టే పోయిందమ్మాయ్..."

"దూకిందా, దూకలేదా?"

ఆయన ఇస్మాయిల్ వంక చూశాడు, బాలశౌరి వంక చూశాడు. రెండుగంటలుగా తన నోటి వంకే చూసిన మనుషులు వాళ్ళు. "...బల్లకట్టు మీద దాటించారు," అన్నాడు.

తువ్వాలు కింద బొటనవేలు ముడుచుకుంది. గుమాస్తా కాదనలేకపోయాడు. ధరకి కారణం తన నోటివెంటే వచ్చింది, చెయ్యి ఇంకా తువ్వాలు కిందే ఉంది.

"ఎత్తిపోతల ఎక్కించావా?"

"నాకు... అటు పోవటానికి తీరిక దొరకలా."

"మాచర్ల పక్కనే పుట్టి ఎత్తిపోతల చూళ్ళేదా బాబాయ్?" అన్నాడు యల్లమంద, ఎవరో కొట్టినట్టు.

"నువ్వు ఊరుకో," అంది సుబ్బరత్నం. చిటికెనవేలు ముడుచుకుంది. "నవాబు సంగతేంది?"

"నవాబు అంటే... నవాబు గారి ఊరాయన. సున్నం వ్యాపారం చేసేవాడు."

"కారు కొన్నాడా?"

"అడిగాడు. ధర విని వెళ్ళిపోయాడు."

ఇంకో వేలు. ఇప్పుడు రెండే నిలబడి ఉన్నాయి. "ఇదీ మీ కార్డు ధర," అంది గుమాస్తాతో. "పోయినచోటికి వచ్చాం. ఇప్పుడు అసలు బేరం. దానికి టైర్లు లేవని కార్డులో రాయలేదే? మీదీ ఎడ్లిల్లేగా, కాళ్ళు లేని ఎద్దుని కాళ్ళున్న ధరకి అమ్ముతారా?"

గుమాస్తా గొణిగాడు. బాలశౌరి వంక కొరకొరా చూశాడు. బాలశౌరి తన బస్సు పొయ్యి వంక చూస్తూ కూచున్నాడు. చివరికి చూపుడువేలు కూడా వంగింది. మధ్యవేలు ఒక్కటి మిగిలింది.

అది మాత్రం ఇనప కడ్డీలాగా బిగుసుకుపోయింది. "ఇంక లేదమ్మా. కథలు ఎట్టా పోయినా, మీ బాబాయి గారు మెడ్రాసులో కార్లు ఎంచిన మనిషి. ఆయనే ముచ్చటపడ్డ బండి ఇది. చూసే కన్నున్నవాడు జాతి బండి అన్నాక, ఆ ఒక్క వందా దాని విలువ."

సుబ్బరత్నం లెక్క వేసుకుంది. ఒక్క వేలు. ఒక్క వంద. ఒక్క టైరు. మూడు టైర్ల మీద పెళ్ళికూతుర్ని ఎట్టా తీసుకుపోతారు?

"బాబాయ్," అంది. ఈసారి అరవలేదు. "నువ్వు ఏనాడైనా కారు ఎక్కావా?"

కృష్ణ వదులుకున్నాడు, ఎత్తిపోతల వదులుకున్నాడు, నవాబుని కూడా వదులుకున్నాడు గానీ, ఈ మాటకి మాత్రం నాగభూషణరావుకి పౌరుషం పొడుచుకొచ్చింది. మొహం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. "ఎక్కావా అనా నన్నడుగుతున్నావ్? రెండేళ్ళు మెడ్రాసులో ఉన్నవాణ్ణి! ఏమయ్యా గుమాస్తా, తాళంచెవి ఇట్టా పారెయ్. ఇప్పుడే లేపి చూపిస్తా!"

గుమాస్తా రెండో చేత్తో తాళంచెవి అందించాడు. ఆయన కోటు దులుపుకుని రోడ్డు దాటి గోడౌనులోకి పోయాడు. అందరూ మెడలు చాచి చూస్తున్నారు. ముందువైపు నిలబడ్డాడు. జానెడు తాళంచెవి పట్టుకుని దీపాల మధ్య వెతికాడు. వంగి చూశాడు. తలుపు దగ్గరికొచ్చాడు. ఎడమవైపు తలుపు, కుడివైపు తలుపు. వెనక్కి పోయాడు. కోటు చేతితో దుమ్ము తుడిచి మరీ చూశాడు. మళ్ళీ ముందుకొచ్చి, ఒక చిన్న బెజ్జంలో తాళంచెవి కొన పెట్టి తిప్పబోయాడు. పట్టలేదు. చెమట తుడుచుకుని, "తుప్పు పట్టింది!" అని కేకేశాడు. "కొంచెం నూనె తీసుకురండ్రా!"

బాలశౌరికి పెద్దల్ని నొప్పించే అలవాటు లేదు. లేచి, గోడౌను గుమ్మం దాకా పోయి, నెమ్మదిగా చెప్పాడు. "అయ్యగారూ... అది గోడౌను తాళంచెవి."

ఇస్మాయిల్ చేతిలో గరిటె జారింది. యల్లమంద నవ్వాలో ఏడవాలో తెలియక తల పట్టుకున్నాడు. గుమాస్తా ముందు బిగబట్టాడు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత కళ్ళ నీళ్ళొచ్చేదాకా పగలబడి నవ్వాడు. అంత నవ్వు వచ్చినవాడి చెయ్యి బిగుసుకుని ఉండదు. మిగిలిన ఆ ఒక్క వేలునీ సుబ్బరత్నం తనే, మెత్తగా, మడిచేసింది. తువ్వాలు చదునుగా పడుకుంది.

"వెయ్యి," అంది.

"వెయ్యే తల్లీ, వెయ్యే," అన్నాడు గుమాస్తా కళ్ళు తుడుచుకుంటూ. "మా దొరకి ఈ తాళంచెవి సంగతి చెబితే ఆయనే ఇంకో యాభై తగ్గిస్తాడు. చెప్పనులే."

బయానా ఇచ్చి, చీటీ రాయించుకుని, టైర్ల పని బాలశౌరికి ఒప్పచెప్పేసరికి ఒంటిగంటయింది. నాగభూషణరావు బల్ల చివర కూచుని ఉన్నాడు. ముందు టీ గ్లాసు ఉంది గానీ ముట్టలేదు. సుబ్బరత్నం వచ్చి ఎదురుగా నిలబడితే తల ఎత్తలేదు.

"మెడ్రాసులో కార్ల కంపెనీకి ఎదురుగా కాఫీ హోటలు ఉందమ్మాయ్," అన్నాడు బల్లతో మాట్లాడుతున్నట్టు. "అక్కడ గ్లాసులు కడిగా. అద్దాల్లోంచి రోజంతా కార్లు కనపడేవి. ఎవరొచ్చారో, దేన్ని చూశారో, దేన్ని కొన్నారో, అన్నీ చూసేవాణ్ణి. ఆ సీటు సంగతి మాత్రం నిజం. అది ఒక దొర అంటుంటే విన్నా."

సుబ్బరత్నం కొంగు దోపుకుంది. పొద్దుటినించి ఈ మనిషి మీద ఆమె దాచిపెట్టిన తిట్లు గంపెడున్నాయి. రెండుగంటలు చెవులు తిని, ఆరు టీలు తాగి, చేతికందిన ధరని మూడొందలు పైకెక్కించి, మళ్ళీ ఆ మూడొందలూ దించటానికి ఆమె ప్రాణం తోడేసిన మనిషి. ఆ తిట్లు అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. అప్పుడు గుమాస్తా మొహం గుర్తొచ్చింది. నాపరాళ్ళ మీద పడున్న పాత ఇనుముని, ఒక్క గంటలో, దగ్గరికి కూడా పోకుండా, అమ్మేవాడికే కన్నుకుట్టే కారుగా మార్చిపారేశాడు ఈయన.

"బాబాయ్," అంది. "ఈ కోతలన్నీ కొనేటప్పుడు కాదు, అద్దెకిచ్చేటప్పుడు కొయ్యాలి. మాఘం రానీ. పెళ్ళివాళ్ళు బేరానికి వచ్చిన రోజున కోటు వేసుకొచ్చి మా అరుగు మీద కూచో. కృష్ణ దూకిస్తావో, సముద్రమే దూకిస్తావో నీ ఇష్టం. టీలు నేనే పోస్తా."

ఆయన తలెత్తి, కోటు గుండీ సవరించుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.